నాలుగు రోజుల పనివారం: ముందు పని తగ్గించి, ఆ తర్వాత రోజు తగ్గించే విధానం

పనిగంటలు తగ్గించుకుందామన్న మాట రాగానే చాలా ఆఫీసుల్లో మొదటి చర్చ సెలవు ఏ రోజు ఇవ్వాలన్నదాని మీదే నడుస్తుంది. శుక్రవారమా, సోమవారమా, అందరికీ ఒకే రోజా, వంతులవారీగానా అని గంటల తరబడి మాట్లాడుకుంటారు. నిజానికి అది చిట్టచివర తేల్చుకోవలసిన సంగతి. ఐదు రోజుల పనిని ఉన్నదున్నట్టు ఉంచి ఒక రోజును మాత్రం తీసేస్తే ఆ పని ఎక్కడికీ పోదు. మిగిలిన నాలుగు రోజుల సాయంత్రాల మీదా, సెలవు రోజు ఉదయం మీదా పడుతుంది.

నేను పన్నెండు మంది ఉన్న ఒక అకౌంట్స్ విభాగానికి బాధ్యుడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఈ పొరపాటే చేశాను. శుక్రవారం సెలవని ప్రకటించాం, పనిలో మాత్రం దేన్నీ ముట్టుకోలేదు. మూడో వారానికల్లా అందరూ గురువారం రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చోవడం మొదలైంది, ఐదో వారానికి శుక్రవారం ఉదయం ఆఫీసు ఫోన్లు మామూలైపోయాయి, ఆరో వారంలో ఆ ప్రయత్నాన్ని ఆపేశాం. ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు వరస మార్చాం: ముందు లెక్క, తర్వాత కోత, ఆ తర్వాతే సెలవు. రెండోసారి అది నిలబడింది. ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ వరసే.

ఏం తగ్గిస్తున్నారో ముందు రాసుకోండి

"నాలుగు రోజుల వారం" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు ఏర్పాట్లు చలామణీ అవుతున్నాయి. మొదటిది, వారానికి ఉన్న 40 గంటలనూ నాలుగు రోజుల్లోకి కుదించి రోజుకు పది గంటల చొప్పున పనిచేయడం. బెల్జియం 2022లో చేసిన సంస్కరణ ఉద్యోగులకు ఇచ్చింది ఇలా కుదించుకోవాలని కోరే అవకాశాన్నే. అక్కడ గంటలు తగ్గలేదు. రెండోది, గంటలనే 32కో 35కో తగ్గించి జీతాన్ని యథాతథంగా ఉంచడం. 40ని 32కు దించితే దాన్ని 100-80-100 అంటారు: నూరు శాతం జీతం, ఎనభై శాతం సమయం, నూరు శాతం ఫలితం. ఈ రెండింటిలో దేన్ని తలపెట్టారో మొదటి రోజే ఒక వాక్యంగా రాసి అందరికీ చూపించాలి. గంటలు తగ్గుతాయని ఆశపడినవారికి పది గంటల రోజు ఎదురైతే, ఆ తర్వాత మీరు ఎంత మంచి ఏర్పాటు చేసినా నమ్మరు.

కుదింపును నేను సిఫారసు చేయను. దూరం నుంచి వచ్చేవారికి ఒక రోజు ప్రయాణం తప్పుతుందన్నది నిజమే, కానీ తొమ్మిదో గంటలోనూ పదో గంటలోనూ చేసే పనిలో తప్పులు పెరుగుతాయి, చిన్నపిల్లలున్నవారికీ ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవలసినవారికీ ఆ నాలుగు సాయంత్రాలు పూర్తిగా పోతాయి. జీతం కూడా ఆ మేరకు తగ్గించే ఏర్పాటు మూడోది. అది పార్ట్‌టైమ్ ఉద్యోగం, దాన్ని ఆ పేరుతోనే పిలవాలి.

ఒక పూట లేదా ఒక రోజు తీసేయడానికి బదులు ప్రతి రోజునూ చిన్నది చేయడం మరో దారి, అది తరచూ చర్చకే రాదు. 1930లో అమెరికాలోని బ్యాటిల్ క్రీక్‌లో కెలాగ్ కంపెనీ తన ఫ్యాక్టరీలో మూడు ఎనిమిది గంటల షిఫ్టుల స్థానంలో నాలుగు ఆరు గంటల షిఫ్టులు పెట్టింది. ఆ ఆరు గంటల షిఫ్టు కొన్ని విభాగాల్లో 1985 వరకూ సాగింది. బడి నుంచి పిల్లలను తెచ్చుకోవలసినవారికి వారానికొక రోజు సెలవు కన్నా రోజూ రెండు గంటల ముందు ఇల్లు చేరడమే ఎక్కువ ఉపయోగం. మీ వాళ్లను అడిగి తెలుసుకోండి, ఊహించుకోకండి.

పైవారిని ఒప్పించవలసి వచ్చినప్పుడు ఒక విషయం గుర్తుచేయడం మేలు చేస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఐదు రోజులు అన్నది అనాదిగా వస్తున్న కొలత కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒడంబడికే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితిని పెట్టింది. 1926లో ఫోర్డ్ కంపెనీ తన ఫ్యాక్టరీల్లో ఐదు రోజుల, నలభై గంటల వారాన్ని అమలు చేసింది. అదే కార్మిక సంస్థ 1935లో నలభై గంటల వారం మీద మరో ఒడంబడిక తెచ్చింది. ప్రతిసారీ ఉత్పత్తి పడిపోతుందన్న భయం వినిపించింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో నమోదైన లెక్కలను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ తిరిగి పరిశీలించినప్పుడు, వారానికి దాదాపు 50 గంటలు దాటాక అదనంగా పనిచేసిన ప్రతి గంటకూ వచ్చే ఉత్పత్తి తగ్గుతూ పోయిందనీ, 70 గంటలు పనిచేసినవారికీ 56 గంటలు పనిచేసినవారికీ ఉత్పత్తిలో పెద్ద తేడా లేదనీ తేలింది.

మీ ఆఫీసులో కాగితం మీద 40 గంటలు, వాస్తవంలో 55 గంటలు నడుస్తుంటే, నాలుగు రోజుల వారం మీద చర్చే పెట్టకండి. ముందు ఆ 55ను 40కి దించండి. వారానికి 55 గంటలో అంతకు మించో పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ఆ స్థితిలో ఉన్న టీంకు కావలసింది కొత్త ప్రయోగం కాదు, వేళకు లాగౌట్ కావడం.

రెండు వారాల లెక్క

సమయం ఎక్కడికి పోతోందో తెలియకుండా దాన్ని మిగల్చలేరు. కాబట్టి మొదటి రెండు వారాలు దేన్నీ మార్చకుండా, ప్రతి ఒక్కరూ అరగంటకొకసారి తాము ఏం చేశారో ఒక ముక్క రాసుకోవాలి. నాలుగు శీర్షికలు చాలు: స్వయంగా చేసిన పని, మీటింగులు, ఎదురుచూపు లేదా ఒకసారి చేసినదాన్నే మళ్లీ చేయడం, ఇతరులు అడిగిన ప్రశ్నలకు జవాబులు. అంతకన్నా ఎక్కువ శీర్షికలు పెడితే రాయడమే ఒక పనైపోతుంది.

ఈ లెక్క ఎవరి మీదా నిఘా కాకూడదు. కాగితాల మీద పేర్లు ఉండకూడదు, మేనేజరు కూడా తన లెక్క రాసి అందరికన్నా ముందు బల్ల మీద పెట్టాలి, ఈ వివరాలను పనితీరు మదింపులో వాడబోమని రాతపూర్వకంగా చెప్పాలి. ఈ హామీ లేకపోతే అందరూ ఎనిమిది గంటలూ "స్వయంగా చేసిన పని" అనే రాస్తారు.

దాంతోపాటు ఒక్క పనిని ఎంచుకుని, అది లోపలికి వచ్చిన క్షణం నుంచి బయటికి వెళ్లేదాకా వెంట నడవండి. మేము ఒక సరఫరాదారు బిల్లును ఎంచుకున్నాం. అది సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు వచ్చింది. నమోదుకు ఎనిమిది నిమిషాలు, సరిచూడటానికి పదిహేను నిమిషాలు పట్టింది. మొదటి సంతకం మర్నాడు పడింది, రెండోది ఆ మర్నాడు. మూడో సంతకం చేయవలసిన అధికారి ఊళ్లో లేకపోవడంతో ఫైలు ఆయన బల్ల మీద నాలుగు రోజులు ఉండిపోయింది. ఆయన వచ్చి చూస్తే బిల్లు మీద కొనుగోలు ఆర్డరు నంబరు లేదు. దాన్ని తిప్పి పంపి, సరైనది తెప్పించి, మళ్లీ నమోదు చేసి, మళ్లీ మూడు సంతకాలూ పెట్టించేసరికి పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజుల్లో మనిషి చెయ్యి ఆ కాగితం మీద ఉన్న సమయం మొత్తం 41 నిమిషాలు. మిగతాదంతా నిరీక్షణే, మధ్యలో "మా బిల్లు ఎక్కడుంది" అని ఆ సరఫరాదారు చేసిన ఆరు ఫోన్లకు జవాబులే. ఆ పదకొండు రోజుల వివరాలను గోడ మీద కాగితంగా అంటించాక, సమయం ఎక్కడుందో ఎవరికీ వివరించవలసిన అవసరం రాలేదు.

కోత

ఇప్పుడు కూడిక చేయాలి. పన్నెండు మందిని 40 గంటల నుంచి 32కు దించాలంటే వారానికి 96 గంటల పని కనిపించకుండా పోవాలి. 36కు దించాలంటే 48 గంటలు చాలు. ఈ అంకెను ముందు పెట్టుకుని వెతకండి. "ఇంకాస్త చురుగ్గా పనిచేద్దాం" అన్న తీర్మానంతో ఒక్క గంట కూడా మిగలదు.

మీటింగుల దగ్గర మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడి లెక్క అందరికీ వెంటనే అర్థమవుతుంది. మా సోమవారం మీటింగు గంటన్నర సాగేది. పన్నెండు మంది కూర్చునేవారు కాబట్టి దాని అసలు ఖరీదు 18 గంటలు, అంటే ఒక మనిషి రెండు రోజుల పని కన్నా ఎక్కువ. ఒక్కొక్కరూ తమ వంతు వచ్చినప్పుడు నాలుగు మాటలు చెప్పి, మిగతా సమయం ఊరికే కూర్చునేవారు. దాని స్థానంలో ప్రతి ఒక్కరూ సోమవారం పదింటికల్లా ఐదు పంక్తుల నోట్ రాసి పెట్టడం, ఆ తర్వాత ఎక్కడైనా పని ఆగిపోయినవాటి గురించే ఇరవై నిమిషాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. రాయడానికి పది నిమిషాలు, మాట్లాడటానికి ఇరవై, వెరసి మనిషికి అరగంట. వారానికి 12 గంటలు అక్కడే మిగిలాయి. మీటింగు పిలిచేవారు ఏ నిర్ణయం కోసం పిలుస్తున్నారో ఒక వాక్యం రాయాలన్న నియమం కూడా పెట్టండి. ఆ వాక్యం రాయలేకపోయినవి వాటంతటవే ఆగిపోతాయి.

రెండోది అనుమతులు. సంతకాలు ఎన్ని ఉంటే అంత భద్రత అనుకుంటాం గానీ, మూడో సంతకం చేసేవారు మొదటి ఇద్దరి సంతకాలనూ చూసి సంతకం చేయడమే ఎక్కువ. చిన్న మొత్తాల బిల్లులకు ఒక్క సంతకం, మధ్యస్థ మొత్తాలకు రెండు, పెద్దవాటికే మూడు అని మార్చి, ప్రతి సంతకానికీ ప్రత్యామ్నాయంగా ఒకరి పేరు రాసి పెట్టాం. బిల్లు మీద ఉండవలసిన ఐదు వివరాల జాబితాను సరఫరాదారులందరికీ పంపి, అవి లేని బిల్లును నమోదుకు ముందే వెనక్కి పంపడం మొదలుపెట్టాం. తిరిగి చేసే పని సగానికి సగం తగ్గింది. తప్పును ప్రవేశద్వారం దగ్గరే పట్టుకోవడం కన్నా ఎక్కువ సమయం మిగిల్చే మార్పును నేను ఇంతవరకూ చూడలేదు.

మూడోది నివేదికలు. నెలకు పద్నాలుగు నివేదికలు పంపేవాళ్లం. వాటిలో ఏవి ఎవరు చదువుతున్నారో ఎవరికీ తెలియదు. వచ్చే నెల నుంచి అన్నింటినీ ఆపుతున్నామనీ, కావలసినవారు ఏ నిర్ణయానికి కావాలో చెప్పి అడగవచ్చనీ ముందుగానే అందరికీ మెయిల్ పంపాం. ఐదింటిని మాత్రమే అడిగారు. చెప్పకుండా ఆపేసి ఎవరైనా గమనిస్తారా అని చూసే పద్ధతిని కొందరు సూచిస్తారు. అది సహోద్యోగుల నమ్మకంతో ఆడుకోవడమే, చేయకండి.

నాలుగోది మధ్యలో వచ్చే ఆటంకాలు. న్యూజిలాండ్‌లో 240 మందికి పైగా ఉద్యోగులున్న పర్పెచువల్ గార్డియన్ సంస్థ 2018లో నాలుగు రోజుల వారాన్ని ప్రయోగించినప్పుడు, ఇప్పుడు నన్ను కదిలించవద్దు అని తెలియజేయడానికి ఉద్యోగులు తమ బల్ల మీది డబ్బాలో చిన్న జెండా నిలబెట్టుకునేవారు. జెండాయే కానక్కరలేదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఎవరూ ఎవరినీ పిలవకూడదు, చాట్‌లో వచ్చిన ప్రశ్నకు పదకొండున్నర తర్వాతే జవాబు, ఆ రెండు గంటల్లో బయటి ఫోన్లను వంతుల ప్రకారం ఒక్కరే తీసుకోవాలి అని మేము పెట్టుకున్నాం. చివరి నిబంధన లేకపోతే మొదటి రెండూ నాలుగు రోజులు కూడా నిలవవు.

ఇవన్నీ కలిపితే మాకు వారానికి దాదాపు 60 గంటలు మిగిలాయి. 96 మిగలలేదు. అందువల్ల నేరుగా 32కు వెళ్లకుండా మొదటి ఆరు నెలలూ 36 గంటలకే ఆగాం, అంటే వారానికి సగం రోజు సెలవు. ఇలా ఆగడం వెనకడుగేమీ కాదు. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 వరకూ 2,500 మందికి పైగా ప్రభుత్వ, నగరపాలక ఉద్యోగులతో జరిగిన ప్రయోగాల్లో కూడా జీతం తగ్గించకుండా 40 గంటలను 35కో 36కో దించారు. ఆ తర్వాత కార్మిక సంఘాల ఒప్పందాల ద్వారా ఆ దేశంలో అత్యధిక ఉద్యోగులకు పనిగంటలు తగ్గించుకునే హక్కు వచ్చింది. దొరికిన గంటలకు సరిపడా మాత్రమే సెలవు ప్రకటించండి.

కోయకూడనివి కూడా ఉన్నాయి. భోజన విరామం, టీ వేళ నలుగురూ నిలబడి మాట్లాడుకునే పది నిమిషాలు, కొత్తగా చేరినవారి పక్కన కూర్చుని పని నేర్పించే సమయం, ఇవి లెక్కలో వృథాగా కనిపిస్తాయి కాబట్టి ఒత్తిడి రాగానే మొదట ఇవే పోతాయి. అవి పోయాక నాలుగు రోజుల వారం అంటే నాలుగు రోజులు ఊపిరాడకుండా పనిచేయడం, ఐదో రోజు నీరసంతో పడుకోవడం అవుతుంది. కొత్తవారికి నేర్పే గంటలను ముందుగానే క్యాలెండర్‌లో పెట్టి, వాటి జోలికి ఎవరూ రాకూడదని చెప్పండి.

ఏ రోజు, ఎవరికి

అమెరికాలోని యూటా రాష్ట్ర ప్రభుత్వం 2008లో రోజుకు పది గంటల చొప్పున నాలుగు రోజులు పనిచేసి శుక్రవారం అనేక కార్యాలయాలను మూసేసే పద్ధతి పెట్టి, 2011లో విరమించుకుంది. అనుకున్నంత పొదుపు కనబడలేదు, శుక్రవారం పని పడినవారికి తలుపులు మూసి ఉండేవి. బయటివారితో నిత్యం సంబంధం ఉన్న చోట అందరికీ ఒకే రోజు సెలవు ఇవ్వడం అరుదుగా కుదురుతుంది.

టీంను జంటలుగా విడగొట్టండి. జంటలో ఇద్దరికీ ఒకరి పని మరొకరికి తెలిసి ఉండాలి, ఇద్దరి సెలవూ ఒకే రోజు రాకూడదు. సెలవుకు వెళ్లేముందు రోజు చివరి ఇరవై నిమిషాలు హ్యాండోవర్‌కే కేటాయించాలి: ఏది పెండింగ్‌లో ఉంది, ఎవరు ఫోన్ చేయవచ్చు, చేస్తే ఏం చెప్పాలి. ఈ నోట్ పది పంక్తులు దాటనక్కరలేదు. వారంలో కనీసం రెండు రోజులు అందరూ ఉండేలా చూసుకుంటే కలిసి తేల్చుకోవలసినవన్నీ ఆ రెండు రోజుల్లో పెట్టుకోవచ్చు.

సెలవు రోజు ఫోన్ చేయదగిన అత్యవసరాలు ఏవో మూడింటిని పేర్లతో సహా రాసి పెట్టండి. "నిజంగా అవసరమైతేనే" అన్న మాట పనికిరాదు, ఎందుకంటే ఫోన్ చేసేవారికి ప్రతిదీ నిజంగా అవసరమే. మేనేజరు తన సెలవును తప్పకుండా తీసుకోవాలి. ఆ రోజు ఆయన ఒక్క మెయిల్ పంపినా, చూసినవారందరికీ అసలు నియమం ఏమిటో అర్థమైపోతుంది.

షిఫ్టుల్లో పనిచేసేవారి సంగతి

ఇంతవరకూ చెప్పినది ఫలితాన్ని బట్టి కొలిచే పనికి వర్తిస్తుంది. ఆసుపత్రి వార్డులో, వృద్ధాశ్రమంలో, కాపలా గేటు దగ్గర మనిషి అక్కడ ఉండటమే పని. వారంలో 168 గంటలు ఉంటాయి. ఒక స్థానంలో రాత్రింబగళ్లు ఒకరు ఉండాలంటే 40 గంటల లెక్కన 4.2 మంది కావాలి, 32 గంటల లెక్కన 5.25 మంది. అంటే ప్రతి స్థానానికీ దాదాపు ఒక మనిషి అదనం. మీటింగులు తగ్గించి ఈ లోటు పూడ్చలేరు, కొత్తవారిని తీసుకోవలసిందే.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం 2015లో స్వార్టెడాలెన్ వృద్ధాశ్రమంలో ఆరు గంటల రోజును దాదాపు రెండేళ్లు ప్రయోగించినప్పుడు సరిగ్గా ఇదే చేసింది. సుమారు 70 మంది సిబ్బందికి జీతం తగ్గకుండా గంటలు తగ్గించి, ఆ ఖాళీలు నింపడానికి 17 మందిని తీసుకుంది. సిబ్బంది అనారోగ్య సెలవులు తగ్గాయి, వృద్ధులతో గడిపే తీరు మెరుగుపడింది, ఖర్చు పెరిగింది. ఖర్చు కారణంగా దాన్ని కొనసాగించలేదు. ఇలాంటి చోట ప్రతిపాదన పెట్టేవారు ఖర్చును దాచకుండా మొదటి పేజీలోనే రాయాలి. దాని పక్కనే అనారోగ్య సెలవులకూ, ఓవర్‌టైమ్‌కూ, ఏటా మానేసి వెళ్లేవారి స్థానంలో కొత్తవారిని తెచ్చి నేర్పించడానికీ ఇప్పుడు అవుతున్న ఖర్చు ఎంతో చూపించాలి. ఒకే సంస్థలో ఆఫీసువారికి సెలవు ఇచ్చి షిఫ్టువారిని వదిలేస్తే ఏర్పడే చీలికను తర్వాత పూడ్చడం కష్టం. ఒకేసారి 32 కాకపోయినా, రోస్టర్‌ను నెల ముందే ప్రకటించడం, రాత్రి షిఫ్టుల తర్వాత విరామం పెంచడం, వారానికి రెండు గంటలు తగ్గించడం వంటివి మొదటి రోజు నుంచే వారికీ మొదలవ్వాలి.

కాగితం మీద తేల్చుకోవలసినవి

ఈ భాగం విసుగనిపిస్తుంది గానీ తగాదాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. పండుగ సెలవు ఉన్న వారంలో ఆ సెలవే వారపు అదనపు సెలవు అవుతుందా, లేక రెండూ ఇస్తారా? ఏడాదికి 20 రోజుల సెలవు ఉన్నవారికి అది నాలుగు వారాలు. నాలుగు రోజుల వారంలో నాలుగు వారాలంటే 16 రోజులే. రోజుల సంఖ్య తగ్గినా వారాల సంఖ్య తగ్గలేదని వివరించకపోతే సెలవులకు కోత పెట్టారన్న అపోహ ఖాయం. ఓవర్‌టైమ్ 32 గంటల తర్వాత మొదలవుతుందా, 40 తర్వాతా? మీకు వర్తించే కార్మిక చట్టంలో రోజువారీ పరిమితి, విరామాల నిబంధన, ఓవర్‌టైమ్ నియమం ఏమున్నాయో ముందే చదివించుకోండి, ముఖ్యంగా రోజు నిడివి పెంచుతున్నప్పుడు.

అన్నింటికన్నా సున్నితమైనది ఇప్పటికే వారానికి నాలుగు రోజులు పనిచేస్తూ ఎనభై శాతం జీతం తీసుకుంటున్నవారి విషయం. ఎక్కువగా పిల్లల కోసమో ఇంటి బాధ్యతల కోసమో అలా ఎంచుకున్నవారే ఉంటారు. రేపటి నుంచి పక్కవారు కూడా నాలుగు రోజులే పనిచేస్తూ పూర్తి జీతం తీసుకుంటారు. న్యాయంగా అయితే వీరి జీతమైనా పెరగాలి, వీరి గంటలైనా అదే నిష్పత్తిలో తగ్గాలి. దీన్ని ప్రకటనకు ముందే తేల్చండి, వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకండి.

ప్రయోగం, కొలతలు

ప్రయోగ కాలం మూడు నెలల కన్నా తక్కువ ఉండకూడదు. ఆరు నెలలైతే మంచిది. మొదటి నెలలో అందరిలోనూ ఉత్సాహం ఉంటుంది, ఆ అంకెలను నమ్మలేం. మైక్రోసాఫ్ట్ జపాన్ 2019 ఆగస్టులో ఐదు శుక్రవారాలు సెలవిచ్చి, మీటింగులను అరగంటకు పరిమితం చేసినప్పుడు ఒక్కో ఉద్యోగికి వచ్చిన అమ్మకాలు అంతకు ముందు ఏడాది ఆగస్టుతో పోలిస్తే దాదాపు 40 శాతం పెరిగాయన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అది ఒక్క నెల లెక్క, అదీ అమ్మకాల లెక్క. పైవారికి ఆ అంకె చూపించి అనుమతి తెచ్చుకుంటే, మూడో నెలలో మీ దగ్గర నలభై శాతం ఏదని వారే అడుగుతారు.

బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి డిసెంబరు వరకూ 61 సంస్థలు, దాదాపు 2,900 మంది ఉద్యోగులతో జరిగిన ప్రయోగం ఇంతకన్నా నమ్మదగిన ఆధారం. అందులో 56 సంస్థలు ఆ పద్ధతిని కొనసాగిస్తామన్నాయి. ఉద్యోగాలు మానేసి వెళ్లేవారి సంఖ్య 57 శాతం తగ్గింది. పని వల్ల తీవ్రంగా అలసిపోవడం తగ్గిందని 71 శాతం మంది చెప్పారు. ఇవి తమంతట తాము ముందుకొచ్చిన సంస్థలనీ, మొదలుపెట్టడానికి ముందు రెండు నెలల పాటు సన్నాహాలు చేసుకున్నాయనీ కూడా అదే నోటితో చెప్పండి. ఆ రెండు నెలల సన్నాహమే ఇక్కడ నేను లెక్క, కోత అంటున్నది.

కొలతలు ఐదారుకు మించకూడదు, ప్రయోగానికి ముందు మూడు నెలల అంకెలు చేతిలో ఉండాలి. పూర్తయిన పనుల సంఖ్య, తప్పుల సంఖ్య, బయటివారికి జవాబు ఇవ్వడానికి పట్టిన రోజులు, ఫిర్యాదులు, అనారోగ్య సెలవులు, నిజంగా పనిచేసిన గంటలు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ అదే అన్నింటికన్నా ముఖ్యం. ప్రతి నెలాఖరునా పేరు లేకుండా ఒకే ప్రశ్న అడగండి: ఈ నెలలో మీ సెలవు రోజున ఎన్ని గంటలు పనిచేశారు? ఆ సమాధానాల మొత్తం రెండు నెలలు వరసగా పెరుగుతుంటే సెలవు పెట్టిన తీరులో తప్పు లేదు, కోత చాలలేదని అర్థం. వెనక్కి వెళ్లి లెక్కను మళ్లీ తీయండి.

ఏ అంకె ఎంతకు పడితే ప్రయోగాన్ని ఆపుతారో, ఎంత నిలబడితే శాశ్వతం చేస్తారో మొదలుపెట్టే రోజే రాసి, మేనేజరూ టీం ప్రతినిధీ ఇద్దరూ సంతకం చేయాలి. ఇది లేకపోతే ఆరు నెలల తర్వాత నిర్ణయం ఆ రోజు పైవారి మనసు ఎలా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

అధికారం చేతిలో లేనివారు అడగవలసిన పద్ధతి

మీరు మేనేజరు కాకపోయినా ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒక్కరే వెళ్లి సెలవు అడిగితే అది వ్యక్తిగత కోరికగా మిగిలిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి రెండు వారాల లెక్క రాసుకోండి, మీ చేతిలో ఉన్న ఒక పని ప్రయాణాన్ని మేము బిల్లును అనుసరించినట్టు అనుసరించండి, ఆ వివరాలతో ఒక్క పేజీ రాయండి. అందులో మీరు ఆపాలనుకుంటున్న పనులు, వాటివల్ల మిగిలే గంటలు, మూడు నెలల గడువు, కొలవబోయే అంకెలు, పాత పద్ధతికి ఎప్పుడైనా తిరిగి వెళ్లవచ్చన్న మాట ఉండాలి. మొదట వారానికి ఒక పూటే అడగండి. నేను పైస్థాయిలో ఉండగా నా దగ్గరకు వచ్చిన ప్రతిపాదనల్లో వెంటనే ఒప్పుకున్నవన్నీ ఇలాంటివే, ఎందుకంటే వద్దనడానికి అందులో నాకు కారణం కనిపించేది కాదు.

శాశ్వతం చేసిన తర్వాత కూడా ఏడాదికొకసారి ఆ రెండు వారాల లెక్క మళ్లీ తీయాలి. ఆపేసిన నివేదికలు కొత్త పేర్లతో తిరిగి వస్తాయి, ఇరవై నిమిషాల మీటింగు నలభై నిమిషాలకు పాకుతుంది, ఒక్క సంతకం చాలన్న చోట జాగ్రత్త కోసమని మరొకటి చేరుతుంది. మా విభాగంలో మొదటి ఏడాది చివర లెక్క తీస్తే మిగిల్చిన 60 గంటల్లో 14 మళ్లీ మాయమై ఉన్నాయి. ఆ పద్నాలుగింటినీ వెతికి తీసేయడానికి మూడు వారాలు పట్టింది, ఆ తర్వాతే 36 నుంచి 34కు దిగే చర్చ మొదలుపెట్టాం.